చేతులు తగ్గిన ఇంట్లో క్రిస్మస్

(విశాఖపట్నంలో నవంబరు చివరి వారంలో, కుటుంబాల కూటంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ వందనాలు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు అటూ ఇటూ తిరిగినా ఫరవాలేదు. క్రిస్మస్ గురించి మాట్లాడుకునే చోట వాళ్లను కదలకుండా కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు.

'మా రోజుల్లో క్రిస్మస్ వేరండీ' అనే మాట నవంబరు దాటితే ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. ఆ నిట్టూర్పును కాసేపు గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలేద్దాం. ఆచారం అని మనం పిలిచే ప్రతిదాని వెనకా ఒక పని ఉంటుంది. ఆ పనికి ఇన్ని చేతులు కావాలి, ఇంత చోటు కావాలి, ఇన్ని గంటలు కావాలి. అందులో ఏది తగ్గినా ఆచారం మారిపోతుంది. భక్తి తగ్గినందువల్ల పోయిన ఆచారాలు తక్కువ. వాకిలి పోయి, రోలు పోయి, ఇంట్లో అయిదుగురు ఆడవాళ్ల బదులు ఒక్కరే మిగిలినందువల్ల పోయినవే ఎక్కువ. అది ఒప్పుకుంటే ఏది ఉంచుకోవాలి, ఏది కుదించుకోవాలి అన్నది తేల్చుకోవచ్చు.

ఇంకో మాట కూడా ముందే అనుకుందాం. 'అసలైన పాత పద్ధతి' అంటూ మన ఊళ్లో ఒకటి లేదు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నం చేరింది 1805లో. అప్పుడు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ ఇద్దరూ నాలుగైదేళ్లలోనే చనిపోయారు. డి గ్రాంజెస్ చేసిన తెలుగు అనువాదంలోంచి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పసిబిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టిన కథ, ఈ ఊళ్లో తెలుగై, అలా అచ్చులోకి ఎక్కింది. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు వచ్చారు, క్యాథలిక్ ఇళ్లలో యేసు పుట్టిన చోటును బొమ్మలతో చూపే పశువుల పాక, అర్ధరాత్రి పూజ ఉండేవి. ఉత్తరాంధ్ర అంతటా కెనడా బాప్టిస్టు మిషన్ పనిచేసింది. వాల్తేరు రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కేకు, వైను ఉండేవి. క్రిస్మస్ అసలు పాటించని సంఘాలూ ఉన్నాయి. ఇవన్నీ పెళ్లిళ్లతో కలిసిపోయాయి. కాబట్టి 'మన పద్ధతి' అని ఎవరన్నా అంటే, ఏ వీధిలో, ఏ సంఘంలో, ఎవరి అమ్మమ్మ ఇంట్లో అని అడగాలి.

స్టారుతో మొదలుపెడదాం. పండుగ కూడా దానితోనే కదా మొదలయ్యేది.

చేత్తో కట్టిన వెదురు స్టారు లెక్క చాలామంది మరిచిపోయారు, అందుకని విడమరిచి చెబుతాను. మూడడుగుల వెదురు బద్దలు పది కావాలి, అర అంగుళం వెడల్పు, అన్నీ ఒకే మందం. అయిదు బద్దలతో ఒక నక్షత్రం, అయిదింటితో ఇంకోటి. బద్దల్ని ఒకదాని మీదుగా ఒకటి, ఒకదాని కిందుగా ఒకటి అల్లినట్టు పెట్టాలి, అప్పుడే ముళ్లు వేయకముందే చట్రం నిలబడుతుంది. రెండు నక్షత్రాల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొనలూ దారంతో బిగించాలి. తర్వాత లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్లా ఎనిమిదేసి అంగుళాల పుల్లల్ని అడ్డంగా దూర్చాలి. పుల్ల దూర్చగానే మధ్య భాగం రెండు వైపులా ఉబ్బుతుంది. స్టారుకు ఒళ్లు వచ్చేది అక్కడే.

వంకర ఎందుకొస్తుందంటే రెండు కారణాలు. ఒక బద్ద మందంగా ఉంటే అది వంగదు, దాని వైపు కొన బయటికి పొడుచుకొస్తుంది. రెండోది కణుపు. దాటుకునే చోట కణుపు వస్తే బద్ద అక్కడ విరుగుతుంది. బద్దలు కోసేటప్పుడే కణుపులు అటో ఇటో జరిగేలా చూసుకోవాలి. కాగితం మైదా జిగురుతో అతికించేవాళ్లు, పురుగు కొట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం, ఇంట్లో చంటిపిల్లలుంటే కలపకండి, నెల రోజుల స్టారుకు మామూలు జిగురు చాలు. వెనకవైపు మధ్యలో ఉన్న అయిదు మూలల గడిని మాత్రం మూయకూడదు, బల్బు మార్చేది అందులోంచే. అప్పట్లో అరవై వాట్ల బల్బు పెట్టేవాళ్లు. అది కాగితానికి ఆనితే గంటలో గోధుమరంగు మచ్చ పడేది, మచ్చ కాస్తా మంటయ్యేది. ఇప్పుడు అయిదు వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు, పైగా వేడి తక్కువ.

ఇది ఎందుకు పోయింది? వెదురు చీల్చడానికి వాకిలి కావాలి. అపార్టుమెంటు హాల్లో వెదురు చీలిస్తే టైల్సు మీద గీతలు, సోఫాలో పుడకలు. అందుకని మడిచే కాగితం స్టారు వచ్చింది, తర్వాత ప్లాస్టిక్ స్టారు. తప్పేమీ లేదు. కానీ పిల్లలకు ఆ పని మిగల్చాలనుకుంటే అడుగు పొడవు కొబ్బరి ఈనెలతో చిన్న స్టారు చేయించండి. లెక్క అదే, పది ఈనెలు, అడ్డపుల్లలు రెండున్నర అంగుళాలవి అయిదు. భోజనాల బల్ల మీద గంటలో అయిపోతుంది. లోపల కరెంటు బల్బు వద్దు, బ్యాటరీతో వెలిగే చిన్న లైటు పెట్టండి.

బీచ్ వైపు ఫ్లాట్లలో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. సముద్రం గాలికి స్టారు గుండ్రంగా తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా వైరు మెలిపడుతుంది, పది రోజుల్లో హోల్డరు దగ్గర వైరు తెగి కూర్చుంటుంది. స్టారు బరువు వైరు మీద పడకూడదు. పైనుంచి ఒక తాడు, కింద కొన నుంచి గ్రిల్లుకు ఇంకో తాడు కట్టండి. వైరును వదులుగా వదలండి. అతుకుల మీద టేపు చుట్టడం మరవకండి, ఇక్కడి ఉప్పుగాలికి రాగి తీగ పచ్చబడటానికి ఒక్క సీజను చాలు.

చెట్టు సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. భీమిలి వైపు తీరమంతా సరుగుడు తోటలుండేవి కాబట్టి మన ఊళ్లో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. బకెట్లో తడి ఇసుక కూరి అయిదడుగుల కొమ్మ పాతేవాళ్లు. అది వారంలో ఎండి ముళ్లలాంటి ఆకులు రాలుస్తుంది కాబట్టి 22వ తేదీకి ముందు తేకూడదు. దాని మీద దూది అంటించి మంచు అనేవాళ్లు. పలచటి దుప్పటి చాలే ఊళ్లో మంచు ఏమిటో గానీ, దూది మాత్రం సీరియల్ లైట్ల పక్కన ప్రమాదం. ప్లాస్టిక్ చెట్టు కొన్నవాళ్లు కూడా దూది మానేయండి.

పశువుల పాక కట్టే ఇళ్లలో పచ్చగడ్డికి రాగులో గోధుమలో చల్లుతారు. అవి 25కు మూడంగుళాలు ఎదగాలంటే 14, 15 తేదీల్లో చల్లాలి. ముందు రాత్రి నానబెట్టి, పల్లెంలో అంగుళం మందాన మట్టి పోసి చల్లండి. మొదటి రెండు రోజులు తడిగుడ్డ కప్పాలి. ఈ నెల చివర్లోనే చల్లేస్తే పండుగ నాటికి పసుపుపచ్చగా పడిపోతుంది. బాల యేసు బొమ్మను 24 రాత్రి వరకూ పెట్టకపోవడం, బాల యేసును చూడటానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల బొమ్మల్ని గదిలో దూరంగా పెట్టి రోజుకో జానెడు జరుపుతూ జనవరి 6కు పాక దగ్గరికి చేర్చడం, ఈ రెండూ ఖర్చులేని ఆచారాలు. పిల్లలున్న ఇంట్లో వీటికి మించినవి లేవని నా అభిప్రాయం.

ఇక పిండివంటలు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే చేతులు తగ్గిన దెబ్బ ముందు తగిలింది వంటింటికే.

మొదట వరస. ముందు జంతికలు, తర్వాత కజ్జికాయలు, ఆ తర్వాత అరిసెలు, చివర గులాబీ పువ్వులు. ఇందులో ఆలోచన ఉంది. గులాబీ పువ్వుల పిండిలో గుడ్డు పడుతుంది. గుడ్డు పడ్డ నూనెలో వేయించినవి శాకాహారుల ఇళ్లకు పంపకూడదు. పోర్టు దగ్గర రాస్ హిల్ మీద మేరీమాత గుడి, పక్కనే దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ వరసగా ఉన్న ఊరు మనది. క్రిస్మస్‌కు మన ఇంటి నుంచి డబ్బా వెళ్తుంది, మూడు వారాల్లో సంక్రాంతికి అదే డబ్బా అరిసెలతో తిరిగొస్తుంది. ఆ డబ్బా ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు. అందుకని పక్కింటికి వెళ్లేవన్నీ గుడ్డు ముట్టకముందే తయారై, మూత పెట్టి పక్కన ఉండాలి. ఈ ఒక్క పద్ధతీ తెలియక, కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్లు గులాబీ పువ్వులు ముందు వండేసి, తర్వాత నూనె మార్చలేక తంటాలు పడతారు.

అరిసెలకు కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం పాతవి కాకూడదు, కొత్త బియ్యమైతే జిగురు బాగుంటుంది. ఇరవై నాలుగు గంటలు నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. వడగట్టి గుడ్డ మీద పదిహేను నిమిషాలు ఆరబెట్టండి, ఫ్యాను వేయొద్దు. పిడికిట్లో బియ్యం బిగిస్తే అరచేయి చెమ్మగా ఉండాలి, నీళ్లు మాత్రం కారకూడదు. ఆ తడి మీదే పట్టించి, జల్లించి, పిండిని గిన్నెలో నొక్కిపెట్టి తడిగుడ్డ కప్పాలి. తడి పోయిన పిండితో ఎంత మంచి పాకం పట్టినా అరిసె బిరుసెక్కుతుంది.

బెల్లం మనకు అనకాపల్లి పక్కనే ఉంది, అదృష్టం. మెరిసిపోయే లేత పసుపు బెల్లం వద్దు, ముదురు రంగుది తీసుకోండి. తరిగి, మునిగీ మునగనట్టు నీళ్లు పోసి, కరిగాక ఒకసారి వడకట్టండి, ఇసుక పోతుంది. పాకం పరీక్షకు పళ్లెంలో చల్లటి నీళ్లు. చుక్క వేసి వేళ్లతో పోగుచేస్తే మెత్తటి ఉండ కావాలి, పళ్లెం అంచుకు కొడితే టంగుమనకూడదు. టంగుమందంటే పాకం ముదిరింది. ఉండ కాగానే పొయ్యి ఆపేసి, రెండు గరిటెల నెయ్యి, యాలకుల పొడి వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలియబెట్టాలి. ఇక్కడే రెండు జతల చేతులు కావాలి. ఒక్కరే చేస్తే, పిండి తీసుకోవడానికి తిరిగిన ఆ పది సెకన్లలో అడుగున ఉండలు కడతాయి. ఒంటరిగా చేసేవాళ్లు పిండిని ముందే నాలుగు గిన్నెల్లోకి పంచి పొయ్యి పక్కన పెట్టుకోండి, గిన్నె తర్వాత గిన్నె ఒంపేయొచ్చు.

మూకుట్లో అరిసె విడిపోతే పాకం లేతగా ఉందని, లేదా పిండిలో తడి ఎక్కువైందని అర్థం. చలిమిడిలో రెండు చెంచాల పొడి బియ్యప్పిండి కలిపి, పావుగంట ఆగి మళ్లీ ఒకటి వేసి చూడండి. గట్టిగా పగుళ్లు తీస్తే పాకం ముదిరింది. గోరువెచ్చని పాలు చెంచాడు చెంచాడుగా పోసి పిసకండి. ఒకేసారి ఒంపకండి. వేయించాక అరిసెల చెక్కల మధ్య నూనె గట్టిగా వత్తండి. నూనె మిగిలిపోతే వారంలో మక్కిన నూనె వాసన వస్తుంది.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. 'ఇంట్లో ముగ్గురమే, పావుకిలో బియ్యంతో చేసుకోవచ్చా?' జంతికలైతే సగం చేయండి, పావు చేయండి, ఇబ్బంది లేదు. అరిసెలు అలా కాదు. రెండొందల గ్రాముల బెల్లం పెద్ద గిన్నెలో పెడితే ఉండపాకం దశ కళ్లముందే దాటిపోతుంది, నీళ్లలో చుక్క వేసి చూసేలోపు ముదురుతుంది. అరకిలో బియ్యం కంటే తక్కువకు దిగొద్దు, అది కూడా చిన్న మందపాటి గిన్నెలోనే. పిండిమరలో అరకిలో పట్టించరు, పట్టించినా ముందువాళ్ల పిండి మన దాంట్లో కలుస్తుంది. మిక్సీలో వేయాలి. మిక్సీ వేడికి పిండి తడి ఆరిపోతుంది కాబట్టి గుప్పెడు గుప్పెడుగా, ఆపి ఆపి తిప్పండి.

దీనికంటే మంచి ఉపాయం పంచుకోవడం. నాలుగు ఇళ్లు కలిసి, ఒక ఇల్లు మూడు కిలోల అరిసెలు, ఒక ఇల్లు జంతికలు, ఒకరు కజ్జికాయలు, ఒకరు గులాబీ పువ్వులు. ఒక రోజు కలుసుకుని పంచుకుంటే అందరికీ నాలుగు రకాలు, ఒక్కొక్కరికి ఒక్క రోజు పని. పేచీ వచ్చేది సరుకుల ఖర్చు దగ్గర. అరిసెల నెయ్యికీ జంతికల శనగపిండికీ పొంతన ఉండదు. సరుకులన్నీ పూర్ణా మార్కెట్‌లో ఒకేసారి కొని బిల్లును నాలుగు భాగాలు చేయండి, స్నేహం నిలుస్తుంది.

గులాబీ పువ్వులకు మైదా పావుకిలో, బియ్యప్పిండి వంద గ్రాములు, పంచదార పొడి నూటపాతిక గ్రాములు, రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు, కొబ్బరిపాలు సుమారు మూడొందల మిల్లీలీటర్లు. పాలు కొద్దికొద్దిగా పోయండి. గరిటె ముంచి తీసి వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. అరగంట నానాలి. అచ్చు నూనెలోనే కాగాలి, తర్వాత ముప్పాతిక వంతు మాత్రమే పిండిలో మునగాలి. పై అంచు మునిగిందా, పువ్వు అచ్చును వదలదు. అచ్చు చల్లగా ఉంటే పిండి పట్టదు, మరీ కాలితే గిన్నెలోనే చుయ్యిమని జారిపోతుంది. పంచదార ఎక్కువైతే లోపల పచ్చిగా ఉండగానే బయట మాడుతుంది. కొత్త అచ్చును ముందు రాత్రంతా నూనెలో ఉంచండి, వాడాక సబ్బు పెట్టి తోమకుండా గుడ్డతో తుడిచి కాగితంలో చుట్టండి. ఏడాదికొకసారి బయటికి తీసే వస్తువు అది, తుప్పు పట్టిందంటే మరుసటి డిసెంబరు దాకా తెలియదు.

కేకు విషయానికొస్తే, ఇంటి పొయ్యి మారినప్పుడల్లా మారిన వంటకం ఇది. ఇసుక పోసిన డేగిసాలో డబ్బా పెట్టి మూత మీద నిప్పులు పోయడం, పిండి కలుపుకుని బేకరీకి తీసుకెళ్లి కాల్పించుకోవడం, తర్వాత కుక్కరు, ఇప్పుడు ఓవెను. కొలత మాత్రం నిలకడగా ఉంది: మైదా, వెన్న, పంచదార, గుడ్లు నాలుగూ సమానం. మైదా పావుకిలో అయితే వెన్న పావుకిలో, పంచదార పావుకిలో, గుడ్లు అయిదు. ఎండు పళ్లు నాలుగొందల గ్రాములు, బేకింగ్ పౌడరు ఒక చెంచా. రంగుకు వంద గ్రాముల పంచదార మాడ్చి వంద మిల్లీలీటర్ల వేడినీళ్లు పోయాలి. చల్లటి నీళ్లు పోస్తే గడ్డకడుతుంది, వేడివి పోసినా చిమ్ముతుంది కాబట్టి మొహం దూరంగా పెట్టండి. ఎనిమిదంగుళాల డబ్బాలో 160 డిగ్రీల దగ్గర గంట నుంచి గంటంబావు.

ఎండు పళ్లు నానబెట్టడానికి మన ఇళ్లలో చాలామంది రమ్ము వాడరు, నారింజ రసంలోనో ద్రాక్షరసంలోనో నానబెడతారు. మంచిదే. కానీ రమ్ములో అయితే నెల రోజులు బయట ఉంచొచ్చు, రసంలో అలా కుదరదు. రసంలో నానినవి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, అంతే. ఈ తేడా తెలియక ఇప్పుడే రసంలో నానబెట్టి బయట పెడితే, డిసెంబరు మూడో వారానికి సీసా తెరిచేసరికి నురగ. కేకు నిలవ కూడా అంతే, రసం కేకు వారం లోపు తినేయాలి. పళ్లు అడుగుకు దిగిపోతున్నాయంటే వాటిని వడకట్టి చెంచాడు మైదాలో దొర్లించలేదన్నమాట. కుక్కర్లో చేసేవాళ్లు రబ్బరు, వెయిటు రెండూ తీసేయండి. అడుగున ఉప్పు వేసి పది నిమిషాలు ముందే వేడిచేసి, సన్నటి సెగ మీద ఉంచండి.

ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్ రౌండ్లు ఎలా మారాయో మీకు తెలుసు. ఒకప్పుడు డోలకు, హార్మోనియం, పెట్రోమాక్స్ లైటు పట్టుకుని సంఘం యువకులు తెల్లవారుజాము దాకా తిరిగేవాళ్లు. రాత్రి రెండింటికి తలుపు కొట్టినా లేచి టీ పెట్టేవాళ్లు. ఇప్పుడు సంఘస్థులు ఒకరు పెందుర్తిలో, ఒకరు గాజువాకలో, ఒకరు మధురవాడలో. పైగా 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. కాబట్టి లెక్క వేసుకోవాలి. సాయంత్రం ఆరున్నరకు మొదలై పదికి ముగియాలంటే చేతిలో ఉన్నవి మూడున్నర గంటలు, అంటే 210 నిమిషాలు. ఒక్కో ఇంటికి రెండు పాటలు, ప్రార్థన, పలకరింపు కలిపి పన్నెండు నిమిషాలు, ప్రయాణం అయిదు. పన్నెండు ఇళ్లు. పద్నాలుగు రాసుకుంటే చివరి రెండిళ్ల వాళ్లు పది గంటల దాకా కాచుకుని అలుగుతారు. ఆలస్యం చేసేది పాటలు కాదు, టిఫిన్లు. పన్నెండు ఇళ్లలో పన్నెండు ప్లేట్ల ఉప్మా ఎవరు తినగలరు? మొదటి ఇంట్లో నీళ్లు, ఆరో ఇంట్లో టిఫిను, చివరి ఇంట్లో టీ అని ముందే చెప్పేయండి. మైకు లేకుండా పాడండి, అపార్టుమెంటు మెట్ల దగ్గర గొంతులకు ఉన్న అందం స్పీకరుకు రాదు. ముసలివాళ్ల ఇళ్లు మొదట పెట్టండి.

ఇక రోజు గురించి. స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే, ఆసుపత్రులు, రాత్రి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, ఇన్ని షిఫ్టులున్న ఊళ్లో 25 మధ్యాహ్నం అందరూ ఒక బల్ల దగ్గర కూర్చోవడం కుదరదు. ఆరాధన 25నే, భోజనం కుదిరిన రోజున. ఆఫీసుల్లో, కాలేజీల్లో 'సెమీ క్రిస్మస్' పేరుతో డిసెంబరు మొదట్లోనే కేకు కోసేస్తున్నప్పుడు, ఇంటివాళ్లు భోజనాన్ని రెండు రోజులు అటూ ఇటూ జరుపుకుంటే ఎవరికి నష్టం? కానీ తేదీ నవంబరులోనే ఖాయం చేసుకోండి. 'చూద్దాంలే' అంటే ఆ భోజనం జరగదు.

కొత్త కోడలో అల్లుడో వచ్చిన మొదటి క్రిస్మస్‌కు ముందు, వాళ్ల ఇంట్లో ఏది తప్పనిసరో అడగండి. ఒకే ఒక్కటి అడగండి. కొందరికి అర్ధరాత్రి పూజ, కొందరికి తెల్లవారుజామున నాలుగింటి ప్రార్థన, కొందరికి ఇంట్లో చెట్టు లేకపోవడమే పద్ధతి. చెట్టు వద్దనే వాళ్లతో వాదించి గెలిచేదేమీ లేదు. హాల్లో కాకుండా పిల్లల గదిలో పెట్టుకుంటే గొడవ ఉండదు.

ఇంకొకటి, వంటల కొలతలు రాసుకోవడం. పెద్దవాళ్లు 'కుంచం బియ్యానికి ఇంత బెల్లం' అంటారు. రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, అంతవరకూ సరే. కానీ కుంచం ఊరికో తీరుగా ఉండేది. పుస్తకంలో చూసి కిలోల్లోకి మార్చొద్దు. ఇంట్లో వంట చేసే పెద్దావిడ వాడే గిన్నెనో గ్లాసునో తీసుకుని, ఆవిడ చేత్తోనే నింపించి, వంటింటి తక్కెడ మీద తూచండి. ఆవిడ గ్లాసు తలకొట్టి కొలుస్తారా, గోపురంగా పోస్తారా అన్నదాంట్లోనే గ్లాసుకు ముప్పై నలభై గ్రాముల తేడా వస్తుంది. తూచింది తూచినట్టు రాసి, పక్కన సంవత్సరం వేయండి.

సమయం దగ్గర పడుతోంది. ప్రశ్నలుంటే అడగండి.

[ప్రశ్న: పిల్లలు అమెరికాలో ఒకరు, దుబాయ్‌లో ఒకరు. అర్ధరాత్రి ఫోను చేస్తే ఒకరు దొరికితే ఒకరు దొరకరు.]

అర్ధరాత్రి మానేయండమ్మా. మనకు రాత్రి పన్నెండంటే న్యూయార్క్‌లో 24 మధ్యాహ్నం ఒకటిన్నర, ఆఫీసు టైము. 25 సాయంత్రం ఆరున్నరకు పెట్టుకోండి. దుబాయ్‌లో అయిదు, లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట, న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిది, డల్లాస్‌లో ఏడు. కాలిఫోర్నియా వాళ్లకు మాత్రం తెల్లవారుజామున అయిదు, వాళ్లను పండుగ పూట లేపాలి. సిడ్నీలో అర్ధరాత్రి. మొదట అందరూ కలిసి ఒక పాట పాడదామని మాత్రం అనుకోవద్దు, ఇంటర్నెట్‌లో గొంతులు ముందూ వెనకా పడి గందరగోళమవుతుంది. ఒక ఇంటివాళ్లు పాడుతుంటే మిగతావాళ్లు మైకు ఆపుకుని ఎవరింట్లో వాళ్లు పాడుకోవాలి.

[ప్రశ్న: మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. పొయ్యి దగ్గర నిలబడలేరు, కూర్చోమంటే ఊరుకోరు.]

ఊరుకోరు మరి, ఇన్నేళ్లు ఆ మూకుడు ఆవిడదే కదా. పాకం పరీక్ష ఆవిడకు ఇవ్వండి. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసి, నీళ్ల పళ్లెం ఒళ్లో పెట్టండి, చుక్క మీరు తీసుకెళ్లి వేయండి. ఆవిడ 'ఊఁ' అంటేనే పొయ్యి ఆపండి. కజ్జికాయల అంచులు నొక్కడం కూడా కూర్చుని చేసే పనే. వేడి నూనె దగ్గరికి మాత్రం రానివ్వకండి.

[ప్రశ్న: పోయిన సంవత్సరం ఇంట్లో మనిషి పోయారు. ఈసారి స్టారు కట్టాలా వద్దా అని ఇంట్లో రెండు మాటలు.]

ఇందులో చట్టం లేదమ్మా. ఏడాది లోపు పండుగ చేసుకోకూడదన్న పట్టింపు మన చుట్టూ ఉన్న సమాజంలోంచి చాలా ఇళ్లలోకి వచ్చింది, చర్చి నియమం కాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే స్టారు కట్టండి, పిండివంటలు మానేయండి. పక్కింటివాళ్లే డబ్బాలు తెస్తారు, తీసుకోండి. పోయినవాళ్లు ఏటా చేసే పని ఒకటి ఉంటుంది కదా, స్టారు కట్టడమో, కేకు కోయడమో. అది ఈసారి ఎవరు చేయాలో ముందు రోజే అనుకోండి. అనుకోకపోతే ఆ క్షణంలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నిలబడిపోతారు.

[ప్రశ్న: చేసిన అరిసెలు గట్టిపడిపోతే?]

తినబోయే ముందు ఇడ్లీ పళ్లెంలో రెండు మూడు నిమిషాలు ఆవిరి పట్టండి. మైక్రోవేవ్‌లో అయితే పది సెకన్లు, అంతకు మించితే బెల్లం కరిగి మళ్లీ రాయి అవుతుంది. మెత్తబడ్డవి అప్పటికప్పుడే తినేయాలి, మళ్లీ డబ్బాలో పెడితే బూజు పడతాయి. అందుకని ఎన్ని తింటారో అన్నే తీయండి.